డెబ్బై ఒకటా, ఎనభై రెండా

మా లారీ డ్రైవరు డీజిలు అమ్ముకుంటున్నాడని నేను మూడు నెలలు నమ్మాను. ఎవరో వచ్చి చెప్పింది కాదు, కళ్లారా చూసింది కాదు. నాకు నేనే అనుకున్నాను, దానికి రుజువులు నేనే పోగేసుకున్నాను.

అనుమానం నాకు కొత్త కాదు. సూర్యాపేటలో ఒక జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా కెమిస్ట్రీ ల్యాబ్ అటెండరుగా చేస్తున్నాను. బ్యూరెట్ వైపు చూడకుండానే రీడింగులు రాసే పిల్లల్ని, పిల్లలు రాసింది చూడకుండానే సంతకం పెట్టే సార్లను చూసి చూసి నా బుద్ధి ఇలా తయారైంది. పాలవాడు పోసిన పాలు అతని ముందే మళ్లీ కొలుస్తాను. టైలరు దగ్గర మిగిలిన గుడ్డముక్క అడిగి తెచ్చుకుంటాను. "నిన్ను నమ్మియ్యాలంటే దేవుడు గూడ ఆధార్ కార్డు పట్టుకొని రావాలె" అని మా ఆయన ఏడిపించేవాడు.

ఆయన లారీ డ్రైవరు. చాలా ఏళ్లు ఒకరి దగ్గర పనిచేసి, చివరికి సెకండ్ హ్యాండులో ఒక పది టైర్ల బండి కొన్నాడు. కంప్యూటర్లూ సెన్సర్లూ లేని పాత ఇంజన్. మూడేళ్ల కింద గుండెపోటుతో ఆయన పోయాక, బండి అమ్మెయ్యమని చుట్టాలందరూ ఒకటే పోరు. "ఇది మొగోళ్ల లైను. నిన్ను నిలువునా ముంచుతరు" అన్నారు. అమ్మొద్దన్నవాడు ఒక్కడే, ఈ డ్రైవరు. పెన్‌పహాడ్ దగ్గర పల్లెటూరి మనిషి, మా ఆయనతో తొమ్మిదేళ్లు అదే బండి మీద తిరిగినవాడు. ఆయన్ని అన్నా అనేవాడు, నన్ను వదినా అంటాడు. "బండి నేను నడుపుత వదినా. అన్న కష్టపడి కొన్నడు" అన్నాడు. అలా బండి నిలబడింది. చెప్పాలంటే నా ఇల్లు కూడా నిలబడింది.

ఆ మనిషినే నేను అనుమానించాను. లారీ లైన్లో డీజిల్ దొంగ అనే మాట చిన్న మాట కాదు. ఒక ఓనరు నోటి నుంచి వస్తే చాలు, డ్రైవరు కంటే ముందు ఆ మాటే మిర్యాలగూడ మిల్లు గేటుకు చేరుతుంది. తర్వాత అతనికి ఎవరూ స్టీరింగ్ ఇవ్వరు. ఈ లైన్లోకి వచ్చిన పదిహేనేళ్లలో అతను సంపాదించుకున్నది ఆ మంచిపేరు ఒక్కటే. అది నా నాలుక చివర ఉందని నాకు తెలుసు, అతనికీ తెలుసు.

సంగతి పోయిన ఎండాకాలంలో మొదలైంది. పెన్‌పహాడ్ వైపు ఊళ్ల నుంచి మిర్యాలగూడ మిల్లులకు వడ్లు, అక్కడి నుంచి కోదాడకు తవుడు, ఇదీ మా బండి తిరుగుడు. ఒకరోజు మిల్లు ముందే ఇంజన్ మసిలి, రేడియేటర్ నుంచి ఆవిరి చిమ్మింది. ఎలాగో సూర్యాపేట తెచ్చారు. మెకానిక్ చూసి, థర్మోస్టాట్ పోయింది, కొత్తది వెయ్యాలన్నాడు.

థర్మోస్టాట్ అంటే పెద్ద వస్తువేమీ కాదు, అరచేతిలో పట్టే వాల్వు. ఇంజన్‌లో వేడెక్కిన నీళ్లు రేడియేటర్‌కు పోయే దారిలో కూర్చుంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు దారి మూస్తుంది, కావలసినంత వేడెక్కాక తెరుస్తుంది. ఎంత వేడికి తెరుచుకోవాలో ఆ అంకె దాని మీదే కొట్టి ఉంటుంది. ఇదంతా నేను తర్వాత నేర్చుకున్నది. ఆరోజు నాకు తెలిసింది ఒక్కటే, మెకానిక్ ఏదో కొనిపించబోతున్నాడు.

"అది లేకుండ బండి నడవదా?" అని అడిగాను.

"ఎందుకు నడవదమ్మా? నడుస్తది. మన దిక్కు సగం బండ్లకు అసలు ఉండనే ఉండది. పీకి పారేస్తరు. సలి దేశాలోళ్లకు అది, మనకెందుకు?"

"మరి నన్నెందుకు కొనమంటున్నవ్?"

అతను తల గోక్కున్నాడు. దొరికిపోయాడనుకున్నాను. "పీకెయ్" అన్నాను. పక్కన నిలబడ్డ మా డ్రైవరు మెల్లగా, "అన్న ఎప్పుడు తియ్యనియ్యలే వదినా. ముందుగాల రేడియేటర్ కడిగిద్దాం" అన్నాడు. కడిగించడానికీ ఒక షెడ్డు ఉంటుంది, ఆ షెడ్డువాడికీ ఇతనికీ ఏదో ఉంటుంది అని నాకు అప్పుడే తోచింది. అక్కర్లేదన్నాను. వాల్వు పీకిన తర్వాత బండి మసలడం నిజంగానే తగ్గింది. నేను ఒక మోసాన్ని కనిపెట్టి ఆపానని ఆ ఎండాకాలమంతా లోలోపల గర్వపడ్డాను.

చలికాలం వచ్చేసరికి మైలేజీ పడిపోయింది. లోడు మీద లీటరుకు నాలుగుంపావు కిలోమీటర్లు ఇచ్చే బండి మూడు ముప్పావుకు దిగింది. ఎందుకని అడిగితే, "ఇంజన్ వేడెక్కుతలేదు వదినా. పొద్దుగాల తెల్లపొగ పోతున్నది" అన్నాడు. ఎండాకాలంలో వేడెక్కిందని ఒక కథ, చలికాలంలో వేడెక్కలేదని ఇంకో కథ! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పడతాననుకున్నాను. ఆ వారమే డీజిలు ట్యాంకు మూతకు తాళం వేయించి, చెవి నా దగ్గర పెట్టుకున్నాను.

అతను తాళాన్ని చేత్తో కదిపి చూశాడు.

"ఎవరి కోసం వదినా ఇది?"

"దొంగల కోసం."

"రోడ్డు మీది దొంగలకా, బండిలున్న దొంగలకా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడు అనుకున్నాను. పైకి మాత్రం ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే అతనికి జవాబు. ఆరోజు నుంచి మా ఇంట్లో చాయ్ తాగడం మానేశాడు. వాకిట్లోనే నిలబడి ట్రిప్పు సంగతి చెప్పి వెళ్లిపోయేవాడు.

తాళం వేసినా మైలేజీ పెరగలేదు. దొంగ తాళంచెవి చేయించి ఉంటాడనుకున్నాను. చివరికి ఒక రెండో శనివారం, కాలేజీ సెలవు రోజు, "నేను గూడ వస్త" అని క్యాబిన్ ఎక్కాను. తెల్లవారాక సూర్యాపేటలో బంకుకు పోయి, నా కళ్ల ముందు గొంతు దాకా డీజిలు పోయించాను. పెన్‌పహాడ్ దాటి ఒక ఊళ్లో వడ్లు ఎక్కించుకొని మిర్యాలగూడ పోయాం. మిల్లులో బస్తాలు దింపుతున్నంతసేపు నేను ట్యాంకు పక్కన స్టూలు వేయించుకొని కూర్చున్నాను. హమాలీలు వింతగా చూశారు. ఒకడు అతన్నేదో అడిగాడు కూడా. "మా వదిన. మిల్లు ఎట్లుంటదో సూస్తనన్నది" అని అతను నవ్వుతూ చెప్పాడు. నాకు చాయ్ తెచ్చిచ్చాడు. అతను మాత్రం తాగలేదు.

అక్కడి నుంచి తవుడు వేసుకొని కోదాడ పోయాం. కోదాడ బంకులో మళ్లీ గొంతు దాకా పోయించి, లీటర్లూ కిలోమీటర్లూ చూశాను. మూడు ముప్పావు. ట్యాంకు మీద నుంచి ఒక్క నిమిషం కూడా చూపు తిప్పలేదు. అయినా మూడు ముప్పావే.

"సూసినవా?" అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది.

బంకు దగ్గర్లో ఒక ముసలి మెకానిక్ ఉన్నాడంటే అక్కడికి పోయాం. ఆయన ఇంజన్ వేడి చూపే ముల్లును చూశాడు. అది పొద్దుటి నుంచీ అడుగునే పడుకొని ఉందని నాకప్పుడు తట్టింది. నేను ట్యాంకునే కాపలా కాశాను కానీ, కళ్లెదుట ఉన్న ముల్లును చూడలేదు.

"లోడుతో ఇంత దూరం వచ్చిన బండండీ ఇది. పైపు మీద చెయ్యి పెడితే కాలాలి. గోరువెచ్చగా ఉంది చూడండి" అన్నాడు ఆయన. నాలుగు బోల్టులు విప్పి మూత తీశాడు. "ఇదేంటండీ, లోపల ఖాళీగా ఉంది? ఎవరు తీయించారు?"

మా డ్రైవరు నా వైపు చూడకుండానే, "ఎండకాలంల తీసినం" అన్నాడు.

తీసినం. ఈమె తీయించింది అనలేదు. నేను వద్దన్నా అనలేదు. ఆ మాట చెప్పి నన్ను అక్కడికక్కడే దులిపేయొచ్చు. దులపలేదు.

"చల్లటి ఇంజన్‌లో డీజిల్ సరిగ్గా మండదమ్మా. పని తక్కువ, తాగుడు ఎక్కువ" అని ఆ ముసలాయన వివరించాడు. "కొత్తది వేయించండి. మీ ఇంజన్‌కి ఎనభై రెండు డిగ్రీలది."

ఇక్కడైనా నా బుద్ధి మారాలి కదా! మారలేదు. ఎనభై రెండు వాల్వును ఆయన తన షాపులోంచే తీసిచ్చేసరికి, వీళ్లిద్దరూ ముందే మాట్లాడుకున్నారేమో అనిపించింది. కొన్నాను కానీ బిగించనివ్వలేదు. మూత మళ్లీ వేయించి, తవుడు దింపించి, బండిని అలాగే సూర్యాపేట తోలించాను.

సూర్యాపేటలో స్పేర్ పార్ట్స్ షాపాయనను అడిగితే ఆయన నవ్వాడు. "ఎనభై రెండా? కోదాడోళ్లు గట్లనే అంటరు. మన ఎండలకు డెబ్బై ఒకటి పెట్టుర్రి అమ్మా. ఎంత జల్ది తెరుసుకుంటే అంత సల్లగుంటది." వినడానికి న్యాయంగానే ఉంది. ఎండాకాలం చల్లగా ఉండమన్నందుకే కదా నేను అసలు వాల్వే లేకుండా చేసింది! ఇద్దరిలో ఒకడు అబద్ధమాడుతున్నాడని తేల్చుకొని అదీ కొన్నాను. అంకె కొట్టడానికి ఏముంది, ఎవడైనా కొడతాడు. వాల్వు నిజంగా ఆ అంకెకే తెరుచుకుంటుందా అన్నది చూడాలి.

సోమవారం ల్యాబు నుంచి నూటపది డిగ్రీల థర్మామీటరు ఒకటి బ్యాగులో పెట్టుకొని వచ్చాను. రిజిస్టరులో రాయలేదు. ఈ మొత్తం వ్యవహారంలో చెప్పకుండా ఒక వస్తువు తీసుకుపోయింది నేనొక్కదాన్నే. అది నాకు వారం తర్వాత గానీ తట్టలేదు.

మా డ్రైవరును ఇంటికి రమ్మన్నాను. "నీ ముందే తేలాలె" అన్నాను. వంటింటి గడప అవతలే నిలబడ్డాడు. లోపలికి రమ్మని రెండుసార్లు పిలిస్తే వచ్చాడు. గిన్నెలో నీళ్లు పోసి, అట్లకాడ అడ్డంగా పెట్టి, రెండు వాల్వులనూ దారాలతో నీళ్లలోకి వేలాడదీశాను. గిన్నె అడుగు తగలకూడదు, తగిలితే లెక్క తప్పుతుంది. మధ్యలో థర్మామీటరు కట్టి స్టవ్ వెలిగించాను.

అరవై. అరవై ఐదు. డెబ్బై. ఇద్దరం గిన్నె మీదికి వంగాం. డెబ్బై రెండు దగ్గర చిన్న అంకెది వెంట్రుక మందం నోరు తెరిచింది. రెండోది గట్టిగా మూసుకొని ఉంది. డెబ్బై ఐదు, ఎనభై. ఎనభై మూడు దగ్గర అదీ కదిలింది.

రెండూ నిజమే. కోదాడ మెకానిక్ అబద్ధం చెప్పలేదు, సూర్యాపేట షాపాయనా చెప్పలేదు. నాకు సంతోషం కలగాలి. కానీ నిజం చెప్తున్నాను, నిరాశ కలిగింది.

స్టవ్ ఆపబోతుంటే అతను, "జర ఆగు వదినా, ఇంక ఎక్కనియ్యి" అన్నాడు. తొంభై ఐదు వచ్చేసరికి రెండు వాల్వులూ పూర్తిగా తెరుచుకొని, ఒకేలా ఉన్నాయి. ఏది ఏదో అంకె చూస్తే తప్ప చెప్పలేం. అప్పుడు నాకు వెలిగింది. ఇంజన్ మసిలే దాకా వస్తే ఏ అంకెదైనా అప్పటికే తెరిచి ఉంటుంది. చిన్న అంకె వేసినంత మాత్రాన ఎండాకాలంలో ఒక్క డిగ్రీ కూడా ఎక్కువ చల్లబడదు. చలికాలంలో మాత్రం ఇంజన్‌ను కావలసినంత వేడెక్కనివ్వదు. నేను వాల్వే తీయించి చేసిన తప్పునే డెబ్బై ఒకటి కూడా చేస్తుంది, కాకపోతే కొంచెం చిన్న మోతాదులో, అంతే.

"మరి ఎండకాలంల ఎందుకు మసిలింది?"

"పాత వాల్వు పట్టేసింది, దానికి తోడు రేడియేటర్ నిండ వడ్ల పొట్టు, తవుడు దుమ్ము. గాలే ఆడకపాయె. గందుకే కడిగిద్దామన్న."

"అయితే ఎనభై రెండే వేద్దాం."

"అన్న ఏసింది గూడ గదే."

"నీకెట్ల తెలుసు?" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎందుకు వచ్చిందో తెలియదు. అడగాలని అడగలేదు, అలవాటుగా వచ్చేసింది. అతను దారం పట్టి ఎనభై రెండు వాల్వును నీళ్లలోంచి పైకి తీశాడు.

"నేనే బిగించిన గద వదినా" అన్నాడు.

మర్నాడు రేడియేటర్ విప్పి కడిగిస్తే దోసిళ్ల కొద్దీ పొట్టు రాలింది. కొత్త వాల్వు వేశారు. ముల్లు మెల్లగా లేచి మధ్యలో నిలబడింది. పదిహేను రోజులు చూశాను. మైలేజీ మళ్లీ నాలుగు దాటింది, తర్వాత నాలుగుంపావుకు వచ్చింది.

తాళం నేనే ఊడదీసి, స్వీటు డబ్బా పట్టుకొని బండి దగ్గరికి పోయాను. మధ్యాహ్నం పూట, లోడు లేదు. అతను అద్దం తుడుస్తున్నాడు. తప్పు నాదే అన్నాను. మూడు నెలలు నిన్ను అనరాని మాట మనసులో అన్నాను అని కూడా చెప్పాను. ఆ మాట చెప్పడానికి నాకు చాలా కష్టమైంది. అతను స్వీటు తీసుకొని నోట్లో వేసుకున్నాడు. తర్వాత జేబులోంచి బండి తాళంచెవులు తీశాడు.

"కోదాడల ఒకాయన రమ్మంటుండు వదినా. ఒకటో తారీఖు నుంచి పోత."

"తప్పయిందన్న గదా. ఇంకేం జెయ్యాలె చెప్పు, చేస్త" అన్నాను.

"ఏం జెయ్యొద్దు. ఒక్క మాట చెప్పు, ఉంట. రేపు మల్ల మైలేజీ పడ్డదనుకో. ముందుగాల ఎవర్ని సూస్తవ్? బండినా, నన్నా?"

బండినే అంటే చాలు. మూడు అక్షరాల పని. అతను ఆ మాట కోసమే చూస్తున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. వెళ్లిపోవాలని అతనికి లేదు. కానీ ఆ వంటింట్లో, అన్నీ నిజమని తేలిన తర్వాత, నీకెట్ల తెలుసు అని అడిగింది నేనే. నా సంగతి నాకు తెలుసు. ఇరవై రెండేళ్లుగా చూడకుండా రాసిన రీడింగులను తిడుతూ వచ్చినదాన్ని, ఇప్పుడు అలాంటి రీడింగు ఒకటి అతని చేతిలో పెట్టలేకపోయాను.

"నిన్నే" అన్నాను. ఏడుపు ఆపుకోలేకపోయాను.

అతను తల ఊపాడు. కోపం లేదు. నా మీద జాలిపడినట్టే ఉన్నాడు. "అబద్ధం చెప్పలే. గంతే సాలు" అని తాళంచెవులు నా చేతిలో పెట్టాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"మూడో గేరు జర గట్టిగ పడతది వదినా. వచ్చేటోనికి ముందే చెప్పు. లేకపోతే బండి ఆగం జేస్తుండని వాన్ని గూడ అనుమానిస్తవ్."

కొత్త డ్రైవరుకు మొదటిరోజే చెప్పాను. సరేనమ్మా అన్నాడు. అతను బండి తీసి మూడో గేరు వేసేదాకా నేను గేటు దగ్గరే నిలబడి వింటూ ఉన్నాను.